గొలుసు పంటు, ఒక బస్సు

ట్రక్కు మమ్మల్ని ఏటి గట్టున దించేసరికి మధ్యాహ్నం మూడు. వాన. ఒక టిన్ను షెడ్డు, రెండు బంకర్లు, మోకాలి లోతు బురద. వంతెనను అంతకు ముందు వరద తీసుకుపోయింది. మొండి స్తంభాలు రెండు నీళ్లలో మిగిలాయి. కొత్త వంతెన కట్టేదాకా పంటు అనే బల్లకట్టు మీద బండ్లు దాటించాలి. ఈశాన్యంలో జవానుగా నా డ్యూటీ అదే.

సుబేదారు గారు ఏ ఊరని అడిగారు. విశాఖపట్నం అన్నాను. "అయితే నీకు నీళ్లు అలవాటే," అని పంటు మీద వేసేశారు. నేను పుట్టి పెరిగింది ఉక్కునగరం క్వార్టర్సులో. మా నాన్న షిఫ్టులు తెలుసు గానీ నీళ్ల సంగతి నాకేం తెలుసు? ఈత కూడా రాదు. ఆ మాట చెప్పేలోపే లైఫ్ జాకెట్ చేతిలో పెట్టారు.

ఇక్కడ విశాఖలో జనం అడుగుతుంటారు, తుపాకీ ఎన్నిసార్లు పేల్చావని. పేల్చలేదు బాబూ. గొలుసుకు గ్రీజు రాశాను.

ఆ గొలుసు సంగతి చెప్పాలి. మొదట్లో అక్కడ తాడు ఉండేదట, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నీటి మీదుగా. వరదలో కొట్టుకొచ్చే దుంగలు తగిలి తెగిపోతుంటే గొలుసు వేశారు. రెండు కొసలూ గట్ల మీద కాంక్రీటు దిమ్మలకు బిగించి ఉంటాయి. మధ్యదంతా ఏటి అడుగున పడి ఉంటుంది. పంటు మీద డీజిల్ ఇంజన్, దానికి పళ్ల చక్రం. చక్రం గొలుసును ముందు నుంచి పైకెత్తుకుని వెనక నుంచి మళ్లీ ఏట్లోకి వదిలేస్తుంది. గొలుసు ఎక్కడికీ పోదు. పంటే దాన్ని పట్టుకుని పాకుతుంది. బిగువు ఎక్కువైతే నావలకు అడ్డం, వదులైతే ప్రవాహం పంటును పక్కకు ఈడ్చేస్తుంది. పైగా అరిగిన కొద్దీ ఒక్కో లింకూ కాస్త సాగి, గొలుసు మొత్తం పొడవు పెరుగుతుంది. అప్పుడు లింకు కోసి మళ్లీ కలపాలి. వానలోనే.

ఇంజన్ నడిపేవాడు మా విశాఖ వాడే. పాతూరులో వాళ్ల నాన్నకు తాళాల దుకాణం. ఇంట్లో ఉర్దూ, నాతో మన మాట. ఎక్కిన బండ్లు కదలకుండా చక్రాలకు చెక్క దిమ్మలు పెట్టడం నా పని.

"ఏటి బావా ఈ బతుకు," అనేవాడు. "పొద్దుట్నుంచీ ఎళ్తన్నాం, ఎక్కడికీ సేరటం లేదు."

"నానేటి సేత్తాను? గొలుసు అంతే ఉంది," అనేవాణ్ణి.

ఆ మాటకు నవ్వే ఓపిక కూడా ఉండేది కాదు. తడిసిన యూనిఫాం ఆరకుండానే మళ్లీ తొడుక్కునేవాళ్లం.

మా పంటు ఎక్కేవాళ్లలో ఒక బస్సాయన ఉండేవాడు. చిన్న బస్సు, సొంతం, తనే డ్రైవరు. ఇల్లూ వాకిలీ కూడా అదే, సీట్ల మీదే నిద్ర. వంతు వచ్చేదాకా ఏటి నీళ్లతో అద్దాలు కడుక్కుంటూ ఉండేవాడు.

రెండో వానాకాలంలో ఏరు పొంగింది. అవతలి ఊళ్లను చీకటి పడేలోగా ఖాళీ చేయించమని ఆర్డరు. ఆఖరి ట్రిప్పులో ఆ బస్సు, అందులో వచ్చిన జనం. నియమం ప్రకారం అందరినీ దింపి డెక్కు మీద నిలబెట్టాం. పిల్లలు, ముసలివాళ్లు, కోళ్ల బుట్టలు. నడి ఏట్లో వేళ్లతో సహా ఒక చెట్టు కొట్టుకొచ్చి, పంటు వెనక గొలుసుకు చిక్కుకుంది. ఇంజన్ లాగే కొద్దీ పంటు వెనక భాగం మునుగుతోంది. బస్సు బరువంతా అటే. నీళ్లు నా బూట్లలోకి వచ్చాయి. గట్టు మీద నుంచి రేడియోలో సుబేదారు గారి అరుపు.

"బస్! బస్!"

ఇంజన్ వాడికి అది ఇంట్లో ఉర్దూ మాట. చాలు, ఆపమని. ఠక్కున ఆపేశాడు. అయినా మునగడం ఆగలేదు. నాకు మాత్రం బస్సనే వినబడింది. చెక్క దిమ్మలు తన్నేశాను, పంటు వెనక తలుపు వదిలేశాను, తోయమని అరిచాను. బస్సు కదల్లేదు. హ్యాండ్ బ్రేకు వేసి ఉంది.

అందరం బస్సాయన వైపు చూశాం. ఆయనే వెళ్లి ఎక్కాడు, బ్రేకు తీసి దిగాడు, నా పక్కన నిలబడి తనూ భుజం ఆనించాడు. బస్సు వెనక్కి జారి ఏట్లో పడింది. పంటు ఒక్క ఊపున పైకి లేచింది. చెట్టు గొలుసు వదిలి పోయింది.

"ఏటి సేసేవు బావా?"

"బస్సన్నారు కదా!"

"ఆపమన్నారు బావా!"

అందరం ఒడ్డు చేరాం. సుబేదారు గారు నా ముందు టీ పెట్టి కూర్చున్నారు. "ఆపమనే అన్నాను. బస్సు సంగతి నాకు తట్టనే లేదు," అన్నారు. "నువ్వు సరిగ్గా విని ఉంటే మీలో ఎవరూ మిగిలేవారు కాదు," అన్నారు. ఆ మర్నాటి నుంచి ఆపడానికి 'రుకో' అనే అనాలని ఆర్డరు.

వంతెన పూర్తయ్యాక గొలుసును బయటికి లాగి, చుట్టలు చుట్టి, రైలెక్కాం. విశాఖ స్టేషన్లో ఇంజన్ వాడు నన్ను గట్టిగా వాటేసుకుని పాతూరు ఆటో ఎక్కాడు. నేను క్వార్టరుకు వచ్చి రెండు రోజులు పడుకున్నాను. అంతమంది బతికారు, నాకు తృప్తిగా ఉండాలి. లేదు. ఉన్నదల్లా అలసట, ఆయన మీద జాలి.

ఆ రోజు ఆయన బ్రేకు తీయడానికి ఎక్కింది ముందు తలుపు నుంచి. అక్కడికి ఇంకా నీళ్లు రాలేదు. అంత తొందరలోనూ, పంటు మునుగుతుండగా కూడా, గుడి మెట్టు ఎక్కేవాడిలా చెప్పులు విడిచి ఎక్కాడు. దిగి, వట్టి కాళ్లతోనే తోశాడు. బస్సు పోయాక ఖాళీ డెక్కు మీద ఆ చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి, బస్సు తలుపు ఉండాల్సిన వైపు తిరిగి.