అడ్మిషన్ల ఇంగ్లీషు

మా బడి పేరులో ఒక సెయింట్ ఉండేవాడు. ఆయన ఏ దేశంవాడో, ఏం చేశాడో మాలో ఎవరికీ తెలియదు. బడి పెట్టిన చక్రపాణికి అసలే తెలియదు. శామీర్‌పేటలో కోళ్ల దాణా అమ్ముకునే ఆ మనిషి, తొంభైల మొదట్లో చుట్టుపక్కల ఊళ్లకు ఇంగ్లీషు మీడియం పిచ్చి పట్టడం చూసి, దాణా గోదాముకు సున్నం కొట్టించి బడి చేశాడు. తన పేరు కింద కరస్పాండెంట్ అని రాయించుకున్నాడు. నేను అక్కడ తెలుగు చెప్పేదాన్ని. అంటే పిల్లలు కునుకు తీసే పీరియడ్ నాది. చిన్న క్లాసులకు ఇంగ్లీషు చెప్పేది వినోద.

వినోదది మేడ్చల్. వాళ్ల నాయిన మొగులయ్య రైసుమిల్లులో హమాలీ. ఆమె చదువంతా సర్కారు బడిలో, తెలుగు మీడియంలో సాగింది. పదో తరగతిలో ఇంగ్లీషు ఒక్కటే తప్పి, మళ్లీ కట్టి గట్టెక్కిందట. డిగ్రీ అయినా ఆ అవమానం ఆమెను వదల్లేదు. ఎప్పటికైనా పదో తరగతి పిల్లలకు తనే ఇంగ్లీషు చెప్పాలి, ఆమెకున్న కోరిక అదొక్కటే. ఆ సంగతి పసిగట్టిన చక్రపాణి దాన్ని బాగా వాడుకున్నాడు.

"మొదలు అడ్మిషన్లు రానియ్యి వినోదమ్మా. బడి పదో క్లాసు దాక పెరగంగనే ఇంగ్లీషు నీకే ఇస్త," అనేవాడు.

అడ్మిషన్లు రావడానికి ఆయన కనిపెట్టిన పద్ధతి ఇంకెక్కడా చూడలేదు నేను. జూన్‌లో పల్లెల నుంచి తల్లిదండ్రులు వచ్చి ఆఫీసు గదిలో కూర్చోగానే ఆయా సత్యమ్మను క్లాసుకు పంపేవాడు. వినోద చేతికి సుద్ద అంటుకుని, పాఠం మధ్యలో లేచి వచ్చినట్టు రావాలి. వచ్చి, ఏదో ముఖ్యమైన సంగతి చెబుతున్నట్టు చక్రపాణితో ఆగకుండా ఇంగ్లీషులో మాట్లాడాలి. ఆయనకు ముక్క అర్థం కాదు. అయినా "ఎస్, ఎస్" అంటూ తల ఊపేవాడు. పాలు అమ్ముకునేవాళ్లు, తోటల్లో కూలికి పోయేవాళ్లు ఆమె నోటివంకే చూస్తూ కూర్చునేవారు. ఆమె వెళ్లిపోగానే పిల్లను చేర్చేసేవారు.

ఇందులో చక్రపాణి పెట్టిన షరతు ఒకటుంది. "స్కూలు, బస్సు, ఫీజు, టైము అసుంటి మాటలు నీ నోట్ల రావద్దు. గవి గాళ్లకు గూడ ఎరుకనే. సమజైతే ఇగ ఇంగ్లీషేంది?"

అలా మొదలైంది వినోద చదువు. పాత పేపర్ల దుకాణంలో ఇంగ్లీషు పేపర్లు ఏరుకొచ్చి, వాటిలో వచ్చే కొత్త మాటల కాలమ్‌లు కత్తిరించి వంటింటి గోడకు అంటించింది. రొట్టెలు కాలుస్తూ వల్లె వేసేది. మేడ్చల్ నుంచి వచ్చే బస్సులో పెదాలు కదుపుతూనే ఉండేది. ఎవరన్నా చూస్తే మంత్రం జపిస్తోంది అనుకునేవారు. 'బిగ్' మానేసి 'కొలాసల్' అంది. 'స్టార్ట్' మానేసి 'కమెన్స్' అంది. పిల్లలు బాగా చదువుతున్నారని చెప్పాలంటే 'బై లీప్స్ అండ్ బౌండ్స్' అంటేగానీ ఆమెకు తృప్తి లేదు. చిన్న మాట దొర్లితే నాలిక కరుచుకునేది.

ఆ మాటల మీద ఆమెకు నిజంగా ప్రేమే. అది చూస్తే నాకు ముచ్చటేసేది. ఒకరోజు అన్నం తింటుంటే, "గొంతు రాసుకపోతే ఇంగ్లీషోళ్లు గొంతుల కప్ప ఉన్నదంటరట అక్కా," అని పడిపడి నవ్వింది. తెలుగు నుడికారం గురించి నేను చెప్పిన ఏ పాఠానికీ ఏ పిల్లా అంత సంతోషపడలేదు.

బడి పెరిగింది. మేడ లేచింది. పదో తరగతి వచ్చింది. కానీ ఏటా దానికి ఇంగ్లీషు చెప్పడానికి ఎక్కడినుంచో ఒక సార్ వచ్చేవాడు, సగం ఏడాదికి మానేసేవాడు. "వచ్చే యేడు పక్కా నీకే," అనేవాడు చక్రపాణి. సర్కారు టీచరు పరీక్ష రాయమని ఆమెకు చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. "గింత కష్టపడి నేర్చుకున్న గద అక్కా. సర్కారు బడికి పోతే గీ ఇంగ్లీషు ఎవలతోని మాట్లాడాలె?" అనేది.

రెండువేల సంవత్సరం దాటాక నాగారం వైపు, శామీర్‌పేట చుట్టూ కొత్త కాలనీలు లేచాయి. కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగుల కుటుంబాలు దిగాయి. ఒక జూన్‌లో శ్రీనివాసరావు, పార్వతీదేవి అనే దంపతులు కొడుకును చేర్చడానికి వచ్చారు. ఆయన బ్యాంకు ఆఫీసరు. నేను ఆ గదిలోనే బీరువాలో తెలుగు పుస్తకాలు సర్దుతున్నాను. చక్రపాణి అలవాటుగా సత్యమ్మను పంపాడు. వినోద సుద్ద చేతులతో వచ్చింది.

ఆ రోజు ఆమె ముఖం వెలిగిపోతోంది. ఇన్నేళ్లకు తన ఇంగ్లీషు అర్థమయ్యేవాళ్లు దొరికారు మరి. దాచుకున్న మాటలన్నీ బయటకు తీసింది, ఉన్న నగలన్నీ ఒక్క పెళ్లికే దిగేసుకున్నట్టు. 'లీవ్ నో స్టోన్ అన్‌టర్న్‌డ్' అంది. 'పార్ట్ అండ్ పార్సెల్' అంది. భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు పార్వతీదేవి ఇంగ్లీషులోనే నెమ్మదిగా ఒక ప్రశ్న అడిగింది. తమ అబ్బాయి మెల్లగా తింటాడు, మధ్యాహ్నం తినడానికి ఎంతసేపు ఇస్తారు, ఎక్కడ కూర్చోబెడతారు అని. నాకే అర్థమైంది, అంత మామూలు ప్రశ్న.

వినోద నోరు తెరిచింది. ఇన్నేళ్లుగా ఊడ్చి బయట పారేసిన చిన్న మాటలే ఇప్పుడు కావలసి వచ్చాయి. "నరిష్‌మెంట్..." అంది. ఆగింది. "ఇన్ ది నిక్ ఆఫ్ టైమ్..." అంది. ఆ పిల్లవాడు కిసుక్కుమన్నాడు. తల్లి వాడి చెయ్యి నొక్కి, చక్రపాణి వైపు తిరిగింది.

"పిల్లలకి ఇంగ్లీషు చెప్పేది ఈవిడేనాండీ?"

"కాదు మేడం, కాదు," అన్నాడు చక్రపాణి గబగబా. "ఊరోళ్లు వస్తే మాట్లాడేతందుకు పెట్టుకున్నం గీమెను."

ఆ మనిషి నోట నేను విన్న నిజం అదొక్కటే. వినోద ముందే అన్నాడు. చేతిలో పుస్తకాల కట్ట వాడి నెత్తిన వేయాలనిపించింది నాకు. ఆమె సుద్ద చేతులు కొంగుకు తుడుచుకుంటూ క్లాసుకు వెళ్లిపోయింది.

ఆ నెలలోనే చక్రపాణి హరిచందన అనే ఆవిడను తెచ్చి పదో తరగతి ఇంగ్లీషు ఇచ్చాడు. కాలనీ మనిషే, విజయవాడలో కాన్వెంటులో చదివింది. చెడ్డది కాదు పాపం. "అంత కష్టపడక్కర్లేదండీ, మామూలుగా మాట్లాడితే చాలు," అని వినోదకు మంచి మాటే చెప్పింది.

"మామూలుగ ఎట్ల మాట్లాడుతరో నాకు ఎవలు నేర్పలే మేడం," అంది వినోద.

మరుసటి జూన్‌కు ఆమెకు క్లాసులు కూడా లేవు. ఆఫీసు బయట ఒక బల్ల వేసి, పల్లెల నుంచి వచ్చేవాళ్లకు తెలుగులో నచ్చజెప్పే పని ఇచ్చాడు. "ఇంగ్లీషు బంద్ జెయ్యి. కాలనీ వాళ్లు నీ మాటలు ఇంటే ఇజ్జత్ పోతది," అని గట్టిగా చెప్పాడు. ఇంట్లో భర్త జీతం చాలదు కాబట్టి ఆమె కూర్చుంది.

ఒక పొద్దున ఎంకయ్య అనే పాలాయన కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. నేను ఆఫీసు గుమ్మం దగ్గర హాజరు పట్టీలో సంతకం పెడుతున్నాను. వినోద ఆ పిల్లను కూర్చోబెట్టి అన్నీ వివరంగా చెప్పింది. ఆయన అన్నీ విని, అటూ ఇటూ చూశాడు.

"గిదంత సరే చెల్లె. మా ఊరోళ్లు చెప్పిండ్రు, గీడ ఒక మేడం ఉన్నదట, ఆగకుండ ఇంగ్లీషు మాట్లాడుతదట. గామె దగ్గర్నే నా బిడ్డ చదవాలె. జెర పిలువు, ఒక్కసారి ఆమె మాట ఇంట."

వినోద ఆఫీసు గది అద్దాల వైపు చూసింది. చక్రపాణి లోపలే ఉన్నాడు.

"గామె లేదన్నా," అంది. "మానేసింది."

"అయ్యో. ఏడికి వోయింది?"

"ఎరుకలేదు. బిడ్డ పేరు చెప్పు, రాసుకుంట."