కాళ్ళకు చాటలు

మా ఆవిడ పడింది ఏ కొండమీదో కాదు, మా ఇంటి ముందు డ్రైవ్‌వేలోనే. కారు దిగి గరాజ్ తలుపు దాకా పట్టుమని పది అడుగులు ఉండవు. పైన పలచగా కొత్త మంచు, కింద నున్నటి ఐసు. చేతిలోని పాల డబ్బా ఒక వైపు, ఆవిడ ఒక వైపు. లేచి కూర్చుని, కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని చూసుకుని, "విరిగిందండీ. ఆస్పత్రికి పోనివ్వండి" అంది. ఎడ్మంటన్‌లో ఏళ్ళ తరబడి నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఎమర్జెన్సీలో డాక్టరు ఎక్స్‌రే చూడకముందే ఏ ఎముక విరిగిందో ఆవిడే చెప్పేసింది.

ఎముక ఎండాకాలానికల్లా అతుక్కుంది. పెరట్లో టమాటాలు వేసింది, చర్చి పిక్నిక్‌కి అందరికీ బిర్యానీ వండింది. అంతా మామూలైపోయిందనుకున్నాను. అక్టోబరు చివర్లో మొదటి మంచు పడిన రోజు పొద్దున్నే తన నడక బూట్లు కవర్లో చుట్టి అలమారలో పైఅరన పెట్టేసింది. "మంచు కరిగేదాకా నేను బయటికి రానండీ" అంది. మాటవరసకు అందనుకున్నాను.

నిజంగానే రాలేదు. మా ఉత్తరాల పెట్టె నాలుగిళ్ళ అవతల ఉంటుంది, అక్కడికి కూడా వెళ్ళలేదు. ఆదివారం మా తెలుగువాళ్ళ ఆరాధనకు మాత్రం మొదట్లో వచ్చేది. కారు దిగింది మొదలు చర్చి తలుపు దాటేదాకా నా మోచెయ్యి పట్టుకునేది. ఎంత గట్టిగా అంటే, అంత మందం కోటులోంచి కూడా ఆవిడ వేళ్ళు నాకు తెలిసేవి. క్రిస్మస్ దాటాక అదీ మానేసి, ఫోనులో ఆరాధన వింటూ ముందుగది కిటికీ పక్కన కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టింది.

నాలాంటివాడు ఇంట్లో కూర్చుంటే ఎవరూ ఆశ్చర్యపోరు. నేను ఈ దేశం వచ్చిన నాటినుంచి చలికాలాన్ని తిడుతూనే ఉన్నాను. ఇంటి గరాజ్‌లో కారెక్కి, ఆఫీసు కింద పార్కింగ్‌లో దిగి, మంచును అద్దంలోంచి చూసి ఉద్యోగం పూర్తిచేసిన వాడిని. ఆవిడ అలా కాదు. మాకు ఒక్క కారే ఉన్న రోజుల్లో మైనస్ ముప్పై అయిదులో బస్‌స్టాప్ దాకా నడిచి డ్యూటీకి వెళ్ళేది. తిరిగొచ్చాక కనురెప్పల మీది మంచు తుడుచుకుంటూ, "బయట ఎంత బావుందో తెలుసా మీకు" అనేది. చలికాలాన్ని తిట్టే డ్యూటీ నాది, వెనకేసుకొచ్చే డ్యూటీ ఆవిడది. ఆ శీతాకాలం నేను కిటికీలోంచి చూసి ఎంత తిట్టినా "ఊ" అని ఊరుకునేది. ఆ "ఊ" వినీ వినీ నాకు భయం వేసింది. ఈవిడ మళ్ళీ బయటికి రాకపోతే ఎలాగని లోలోపల కుమిలిపోయాను, పైకి మాత్రం హీటర్ బిల్లు మీద విసుక్కున్నాను.

జనవరిలో ఒక శుక్రవారం కాల్గరీనుంచి మా అమ్మాయి వచ్చింది. కారు డిక్కీలోంచి, ఎక్కడో అద్దెకు తీసుకున్న మూడు జతల వస్తువులు తెచ్చి వంటింట్లో నేలమీద పెట్టింది. చుట్టూ కోలగా అల్యూమినియం చట్రం, మధ్యలో దళసరి ప్లాస్టిక్ రేకు, పైన బూటును బిగించే పట్టీలు. మా అమ్మ బియ్యం చెరిగే చాట గుర్తొచ్చింది నాకు.

"ఏమిటే ఇవి, చాటలు?"

"స్నోషూస్, డాడీ. రేపు రివర్ వ్యాలీకి వెళ్దాం. ఆల్ త్రీ ఆఫ్ అస్."

ఇది మా ఆవిడను ఉద్దేశించిన మాట అని ముగ్గురికీ తెలుసు. ఆవిడ పప్పు కలుపుతూ వెనక్కి తిరగకుండానే జవాబిచ్చింది. "నాకు ఒక చెయ్యి విరిగింది. రెండోది బాగానే ఉంది. ఉండనివ్వు."

"మమ్మీ, ఇట్స్ జస్ట్ వాకింగ్. లుక్, ఇట్ హ్యాస్ టీత్." అమ్మాయి ఒకటి తిరగేసి చూపించింది. అడుగున ఇనప పళ్ళు. మా ఆవిడ గరిటె పక్కన పెట్టి వచ్చి, ఆ పళ్ళ మీద వేలు పెట్టి చూసింది. ఆస్పత్రిలో కొత్త పరికరం వచ్చినప్పుడు కూడా ఇలాగే చూసి ఉంటుంది. "బానే ఉన్నాయి. మీరిద్దరూ వెళ్ళండి. నేను కారులో కూర్చుంటాను" అంది. కారుదాకా వస్తానందే చాలనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే లేచి పులిహోర కలిపింది. వేడి పోకుండా స్టీలు డబ్బాలో పెట్టి, దానికి తువ్వాలు చుట్టింది. ఫ్లాస్కులో టీ పోసింది. నేను ఒంటిమీద నూలు బనీను, దానిమీద చొక్కా, స్వెట్టరు, ఇంకో స్వెట్టరు, కోటు, తలకు మంకీ క్యాపు, దానిమీద ఉన్ని టోపీ వేసుకుని తయారయ్యాను. నన్ను చూసి తల్లీకూతుళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆవిడ మొహంలో నవ్వు లాంటిది కనిపించి చాలా రోజులైంది కాబట్టి రెండు టోపీలూ అలాగే ఉంచుకున్నాను.

నది లోయ మా ఇంటికి దగ్గరే. ఇన్నేళ్ళుగా దాని పైన వంతెన మీదుగా ఆఫీసుకు వెళ్ళాను గానీ చలికాలంలో ఒక్కసారీ దిగలేదు. ఆ రోజు మైనస్ పన్నెండు. ఎండ ఉంది, గాలి లేదు. పార్కింగ్‌లో అమ్మాయి చకచకా పట్టీలు బిగించుకుని నిలబడింది. నేను కారు బంపర్ పట్టుకుని ఒంటికాలి మీద కుప్పిగంతులు వేస్తూ ఎలాగో రెండూ తగిలించుకున్నాను. నాలుగడుగులు వేసేసరికి ఎడమకాలి చాట పక్కకు తిరిగిపోయింది.

కారు తలుపు తెరుచుకుంది. "మడమ దగ్గరి పట్టీ వదులుగా ఉందండీ. అలా కడతారా ఎవరైనా?"

ఏళ్ళపాటు కట్లు కట్టిన చెయ్యి. వదులుగా ఉన్న పట్టీని చూస్తూ ఊరుకోవడం ఆవిడ వల్ల కాదు. తలుపు పట్టుకుని దిగి, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, నా కాలి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని పట్టీలన్నీ విప్పి మళ్ళీ బిగించింది. లేచేసరికి మూడో జత తన కాళ్ళ పక్కనే ఉంది. అమ్మాయి ఎప్పుడు తెచ్చి పెట్టిందో నేను చూడలేదు. పెట్టి, ఏమీ ఎరగనట్టు చెట్లవైపు చూస్తోంది.

ఆవిడ కాసేపు వాటిని చూసింది. "ఆ చెట్టుదాకా. అంతే" అంది.

అమ్మాయి ఆవిడ రెండు చేతులకూ రెండు ఊతకర్రలు ఇచ్చింది, కాబట్టి నా మోచెయ్యి పట్టుకోవడానికి వీల్లేదు. మొదటి అడుగు వేసి ఆగింది. ఇనప పళ్ళు మంచులో కరకరమని దిగాయి. ఒంటి బరువంతా మోపి, జారుతుందేమోనని చూసింది. జారలేదు. రెండో అడుగు. ఆ చెట్టు వచ్చింది. ఆవిడ ఇంకో చెట్టును గడ్డంతో చూపించింది.

అలా ఒక్కో చెట్టే దాటుకుంటూ లోయలోకి దిగాం. నేనెంత తిట్టిన చలికాలమైనా, ఉన్న మాట చెప్పుకోవాలి. అంత అందం నేను ఎప్పుడూ చూడలేదు. స్ప్రూస్ చెట్ల కొమ్మల మీద మంచు మందంగా పరుచుకుని ఉంది. ఎండ వాలుగా పడి, మంచుమీద చెట్ల నీడలు నీలంగా ఉన్నాయి. తెల్లగా ఉంటుందనుకున్న మంచులో ఇన్ని రంగులుంటాయని నాకెవరూ చెప్పలేదు. ఆవిడ చెప్పే ఉంటుంది, నేనే వినలేదు. చిన్న చిన్న పిట్టలు నెత్తిమీదే అరుస్తూ కొమ్మ మారుతున్నాయి. నడిచే దారి వదిలేసి, ఎవరూ తొక్కని మంచుమీద, కుందేలు అడుగుల వెంట నడిచాం. మామూలు బూట్లతో అక్కడ ఒక్క అడుగు పడదు. ఈ చాటలతో మనిషి బరువు తగ్గిపోయినట్టు ఉంటుంది.

బరువు తగ్గినట్టు నాకు అప్పుడప్పుడే అనిపించింది. ఒక చాట అంచును ఇంకో చాటతో తొక్కుకుని మాటిమాటికీ తూలుతున్నాను.

"కాళ్ళు ఎడంగా వెయ్యండి. మడమ ముందు లేపండి. దమ్ము చేసిన మళ్ళో నడిచినట్టు" అని ముందునుంచి వినిపించింది. ఎప్పుడు నన్ను దాటి ముందుకు పోయిందో తెలియదు. నా నూలు బనీను చెమటకు తడిసి, ఆగినప్పుడల్లా వీపుకు ఐసు పెట్టినట్టు తగులుతోంది. ఒంటికి నూలుబట్టే మంచిదని నమ్ముకుని పెరిగినవాణ్ణి. ఆవిడ పలచటి ఉన్ని బనీను, పైన ఒక్క కోటు వేసుకుని హాయిగా నడుస్తోంది. అయినా జాగ్రత్త మాత్రం వదల్లేదు. ప్రతి అడుగూ చూసి వేస్తోంది, చిన్న దిబ్బ వస్తే ఆగిపోతోంది, ఊతకర్రల్ని పిడికిలి బిగించి పట్టుకుంటోంది. పడకుండా నడవడం ఒక్కటే ఆవిడ పని. చుట్టూ అంత అందం ఉంటే కళ్ళు నేలమీదే ఉన్నాయి.

కాస్త దూరం పోయాక చెట్ల మధ్య చదునైన చోట ఒక బెంచీ కనిపించింది. అమ్మాయి దానిమీది మంచు తోసేసింది. మా ఆవిడ బెంచీ మీద తువ్వాలు పరిచి డబ్బా మూత తీసింది. పోపు వాసన, ఇంగువ వాసన ఆ చల్లటి గాలిలో గుప్పుమంది. "ప్రార్థన చేసుకుందాం" అని కళ్ళు మూసుకుంది.

ఇక్కడ నా అలవాటు ఒకటి చెప్పాలి. మా ఊళ్ళో చర్చికి వెళ్ళినా, ఇంట్లో ప్రార్థనకు నిలబడినా, చెప్పులు బయటే వదలాలి. కెనడా వచ్చి ఎన్ని మారినా అది మారలేదు. రెస్టారెంట్లో భోజనానికి ముందు కూడా బల్లకింద బూట్లు విప్పేస్తాను. మా అమ్మాయికి చిన్నప్పటినుంచీ అదొక తలవంపు. కాబట్టి ఆవిడ "పరలోకమందున్న తండ్రీ" అనగానే నేను గబగబా వంగి, చాటల పట్టీలు రెండూ విప్పి, వాటిని జతగా, బుద్ధిగా అక్కడే వదిలి, బెంచీవైపు అడుగు వేశాను.

తొడదాకా దిగిపోయాను. ఇంకో కాలితో బయటికి రాబోతే అదీ దిగింది.

"ఈ దినము మాకు ఇచ్చిన ఈ ఆహారమును బట్టి" అంటూ ఆవిడ ఎందుకో కళ్ళు తెరిచింది. ఎదురుగా మొగుడు సగమే ఉన్నాడు. నడుము దగ్గర్నుంచి పైకి మంకీ క్యాపుతో సహా నేను, పక్కన జతగా నా చాటలు. ప్రార్థన ఆగిపోయింది.

"వాటినెందుకు విప్పారండీ?"

"ప్రార్థన కదా."

అంతే, ఆవిడ అడుగులు చూసుకోకుండా, ఊతకర్ర ఒకటే పట్టుకుని గబగబా నా దగ్గరికి వచ్చేసింది. కర్ర నాకు అందించి లాగడం మొదలుపెట్టింది. నేను తేలికైన మనిషిని కాను. రెండు స్వెట్టర్ల బరువు అదనం. ఆవిడ ఇంకాస్త గట్టిగా లాగింది. నా చేతిలోంచి కర్ర జారింది. ఆవిడ వెనక్కి, బార్లా పడిపోయింది.

అమ్మాయి "మమ్మీ" అని ఉన్నచోటే నిలబడిపోయింది. ఏది జరక్కూడదని ఇన్నాళ్ళూ ఆ కుర్చీలో కూర్చుందో అదే జరిగింది. అది కూడా నా వల్ల. నడుముదాకా మంచులో ఇరుక్కుని, వెళ్ళి లేపడానికి కూడా వీల్లేక, ఆవిడ మొహంకేసి చూస్తున్నాను. ఆవిడ కదల్లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఆకాశం చూస్తున్నాయి.

"మెత్తగా ఉందండీ" అంది.

నాకు అర్థం కాలేదు. "ఏమిటీ?"

"పడితే మెత్తగా ఉంది. ఏం కాలేదు." కుడి మణికట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత కడుపు చెక్కలయ్యేలా నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు నేను విని నెలలైంది. ఇరుక్కున్నవాణ్ణి ఇరుక్కున్నట్టే నేనూ నవ్వాను, కళ్ళనీళ్ళు వచ్చాయి. అవి చలికి వచ్చాయని అమ్మాయితో తర్వాత బుకాయించాను.

అమ్మాయి చెయ్యి ఇవ్వబోతే ఆవిడ వద్దంది. పక్కకు ఒత్తిగిలి, మోకాళ్ళ మీదికి లేచి, కర్ర ఊతగా తనే నిలబడింది. ఒంటిమీది మంచు దులుపుకుంది. ఏం తోచిందో, ఇంకోసారి చూద్దామన్నట్టు చేతులు చాచి కావాలని వెనక్కి పడింది. మళ్ళీ లేచింది. నాకు ఆ క్షణంలో ఆవిడ మీద కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు. భయపడిన దానికే ఎదురు వెళ్ళి, వీపు ఆనించి చూసి వచ్చిన మనిషి.

నన్ను బయటికి లాగడానికి ఇద్దరూ కలిసి చాలాసేపు తంటాలు పడ్డారు. ఆ తర్వాత ఆవిడ ఆపిన చోటినుంచే ప్రార్థన పూర్తిచేసి ఆమెన్ అంది. పులిహోర అప్పటికి చల్లారిపోయింది. అంత రుచిగా ఉన్న పులిహోర నేను ఎప్పుడూ తినలేదు. తిరుగు దారిలో ఆవిడ కళ్ళు నేలమీద లేవు. తలెత్తి కొమ్మల్నీ పిట్టల్నీ చూస్తూ, "అదుగో చూడండి, ఇదుగో చూడండి" అంటూ నన్ను నిలవనివ్వలేదు.

ఆ వారమే మాకు మేం రెండు జతలు కొనుక్కున్నాం. ఫిబ్రవరి అంతా ఆ లోయలో తిరిగాం. నేను ఒక ఉన్ని బనీను కూడా కొనుక్కున్నాను. ప్రార్థన దగ్గర మాత్రం ఆవిడ షరతు పెట్టింది, చాటలు విప్పకుండా తల వంచితే చాలని. కిటికీ పక్కన కుర్చీలో ఇప్పుడు ఉతికిన బట్టలు పెడుతున్నాం.

ఐసు ఐసే. ఆ సంగతి ఆవిడకు నాకంటే బాగా తెలుసు. చర్చికి వెళ్ళేటప్పుడు బూట్లకు ఇనప పళ్ళున్న రబ్బరు పట్టీలు తొడుక్కుంటుంది. ఆ చలికాలం మళ్ళీ మొదటిసారి చర్చికి వచ్చిన ఆదివారం, పార్కింగ్‌లో ఐసు నున్నగా మెరుస్తోంది. నేను కారు ఆపి, అలవాటుగా మోచెయ్యి ఇవ్వడానికి అటువైపు వెళ్దామని తలుపు తీశాను. అప్పటికే ఆవిడ దిగి, కారు చుట్టూ తిరిగి, నా తలుపు దగ్గరికి వచ్చి నిలబడి ఉంది. అప్పుడు విరిగిన చెయ్యే, మోచెయ్యి వంచి నా ముందు పెట్టింది.

"కింద ఐసుంది. పట్టుకోండి" అంది.

పట్టుకున్నాను.