బావ కుడిచెయ్యి

నా బరువు మీద బావ ఎన్నో జోకులు వేశాడు. అసలు బరువు పొట్టలో లేదని ఆయనకి తెలియదు. ఏళ్ళ తరబడి మోస్తున్నాను. ఏ డైటింగుకీ తగ్గని రకం. మా ఆవిడకి చెప్పలేదు. దేవుడికి కూడా చెప్పలేదు, ఆయనకి తెలిసే ఉంటుందన్న వంకతో. మీకు చెబుతున్నాను. మీరు నన్ను గుర్తుపట్టలేరు కాబట్టి చెబుతున్నాను. పిరికివాడి ధైర్యం ఇంతే.

ఒక మనిషిని కొట్టాను. ఆ సంగతి ఆ మనిషికి తెలుసు. కొట్టాక ఇంకొకటి చేశాను. అది నాకొక్కడికే తెలుసు.

బావ అంటే మా అక్క భర్త. ఈ పరాయిదేశంలో కార్క్ అనే ఊళ్ళో ఒక ఆసుపత్రిలో ఆపరేషన్లు చేసే డాక్టరు. నేను సాఫ్ట్‌వేరు. ఆ ఊరి పక్కనే బాలింకాలిగ్‌లో రెండు వీధుల ఎడంగా ఉండేవాళ్ళం. బావ ఆటపట్టించాలి, బామ్మర్ది పళ్ళికిలించాలి, మా ఇళ్ళలో అది రివాజు. కోపం తెచ్చుకుంటే తప్పు నాదే అవుతుంది. అందుకని నవ్వేవాణ్ణి. నవ్వి నవ్వి దవడలు బిగుసుకుపోయాయి. లోపల ఇంకేం బిగుసుకుంటోందో చూసుకోలేదు.

కోవిడ్ రెండో ఏడు. ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదు. దాటితే గార్డులు, అదే ఇక్కడి పోలీసులు, ఆపి జరిమానా రాస్తారు. బావ వారాల తరబడి వార్డులో చావులు చూసి ఉన్నాడు. ఒక సెలవు రోజు పొద్దున్నే తలుపు కొట్టి, "సైకిల్ తియ్యరా బామ్మర్దీ, కొండెక్కుదాం" అన్నాడు. కొండంటే పదిహేను కిలోమీటర్లు. నేను పౌరసత్వానికి అర్జీ పెట్టుకుని ఉన్నాను. మంచి నడవడిక ఉండాలని అందులో షరతు. గార్డుల పుస్తకంలో పేరెక్కితే ఎలాగని భయం. అయినా వెళ్ళాను. వెళ్ళకపోతే ఇంకో ఏడాదికి సరిపడా జోకులు.

గార్డులు నిలబడే పెద్దరోడ్డు వదిలేసి, సందురోడ్లు పట్టి వెళ్ళాం. ఎగుడు రోడ్డులో నేను దిగి తోస్తుంటే బావ వెనక్కి తిరిగి, "నువ్వు సైకిల్ని తొక్కుతున్నావా, అది నిన్ను తొక్కుతోందా?" అన్నాడు. నవ్వాను. కొండ కింద ఇనపగేటుకి సైకిళ్ళు ఆనించి నడక మొదలెట్టాం. చెట్టూ చేమా లేని బీడు. మోకాలెత్తు హెదర్ పొదలు, మధ్యమధ్య నల్లటి బురదగుంటలు, అక్కడక్కడా బయటికి పొడుచుకొచ్చిన రాళ్ళు. గాలి చెంపల మీద కొడుతోంది. కనుచూపు మేర మనిషి లేడు.

నా గురించి ఒక్క మాట చెప్పాలి. మా ఆవిడ తొలి కాన్పుకి పుట్టింటికెళ్ళింది. వెళ్ళిన నెలకే విమానాలు ఆగిపోయాయి. బాబు పుట్టాడు. వాడికప్పటికి ఏడు నెలలు. ఫోన్లో తప్ప చూడలేదు.

శిఖరం దగ్గర ఆగాం. బావ నీళ్ళు తాగి మూతి తుడుచుకున్నాడు.

"నీ కొడుక్కి నాన్నంటే ఆరంగుళాల మనిషిరా. నువ్వు నిజంగా ఎదురొస్తే జడుసుకుంటాడు."

నవ్వాను.

"విమానాలు మళ్ళీ తిరుగుతున్నాయి కదా, ఇంకా రాలేదే?"

"టిక్కెట్లు దొరకట్లేదు బావా."

ఆయన జేబులోంచి ఫోను తీసి టైము చూసుకున్నాడు. తర్వాత మెల్లగా, "అసలు తనకి రావాలని ఉందో లేదో ఎప్పుడైనా అడిగావురా?" అన్నాడు.

అది జోకు కాదు. నా కోసమే అడిగాడు. జోకైతే నవ్వేసేవాణ్ణి, నాకు అలవాటే. నవ్వడానికి వీల్లేని మాట అనేసరికి నా దగ్గర ఇంకేం మిగల్లేదు.

మొహం మీద గుద్దాను. కళ్ళజోడు ఎగిరిపోయింది. ఆయన చేతిలో ఫోను బురదగుంటలో పడి మునిగిపోయింది. "ఒరేయ్" అంటూ వెనక్కి పడ్డాడు. మీదెక్కి కూర్చుని కొట్టాను. ముక్కులోంచి రక్తం వచ్చి గడ్డంలోకి కారింది. ఆ రక్తం చూసి ఆగాల్సింది. చూశాక ఇంకా గట్టిగా కొట్టాను. ఆయన పక్కకి దొర్లి లేవబోతూ కుడిచెయ్యి ఒక రాయి మీద ఆనించాడు. నేనప్పటికి లేచి నిలబడ్డాను. బూటు కాలితో ఆ చెయ్యి మీద తొక్కాను. ఎండుకట్టె విరిగినట్టు వినబడింది. మళ్ళీ తొక్కాను. ఎందుకు? మొదటిసారి ఒళ్ళు తెలియక చేశానంటే నమ్ముతారేమో. రెండోసారికి నాకు ఒళ్ళు తెలుసు. ఆ చేత్తో ఆయన ఏం చేస్తాడో కూడా తెలుసు.

బావ అరవలేదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు. డాక్టరు గొంతుతో మాట్లాడాడు. "ముంజేతిలో రెండెముకలూ పోయాయి. లోపల వాపు మొదలైంది. వేళ్ళు మొద్దుబారుతున్నాయి. తొందరగా కోసి రక్తం ఆడేట్టు చెయ్యకపోతే చెయ్యి పనికిరాదు. ఫోన్ చెయ్యి."

ఫోను తీశాను. రెండు గీతల సిగ్నల్ ఉంది.

"సిగ్నల్ లేదు బావా" అన్నాను.

ఇదే. ఇది రాయడానికే ఇంత దూరం వచ్చాను.

అంబులెన్సు వస్తే కొండ మీదికి రావాలి. పదిహేను కిలోమీటర్లవతల ఏం చేస్తున్నారని గార్డులు అడుగుతారు. ఆ ముక్కు అలా ఎందుకుందనీ అడుగుతారు. అదే ఐదు కిలోమీటర్ల లోపలైతే సైకిల్ మీంచి పడ్డ మామూలు మనిషి. ఇదంతా నిలబడ్డ చోటే ఆలోచించాను. బుర్ర అంత చురుగ్గా ఆఫీసులో ఎప్పుడూ పనిచెయ్యలేదు.

నా టీషర్టు చించి చెయ్యి మెడకి కట్టి కిందికి దించాను. ఆయన సైకిల్ని పొదల్లోకి నెట్టాను. కాసేపు నడిపించాను, కాసేపు నా సైకిల్ మీద కూర్చోబెట్టి తోశాను. నా నడవడిక కాపాడుకోడానికి విరిగిన చేత్తో ఆయన్ని నడిపించాను. దార్లో ఇల్లు కనబడితే "అడగరా" అన్నాడు. ఈ రోజుల్లో ఎవరు తలుపు తీస్తారన్నాను. ఆయన గోడ వెనక కూర్చుని వాంతి చేసుకుంటుంటే ట్రాక్టరు మీద ఒక పెద్దాయన వచ్చాడు. ఆపి, అంతా బాగేనా అని అడిగాడు. ఇక్కడివాళ్ళలాగే "గ్రాండ్" అన్నాను. చెయ్యి కూడా ఊపాను. పెద్దాయన వెళ్ళిపోయాడు.

ఫోన్లో మ్యాపు చూసుకుంటూ నడిచాను. సిగ్నల్ లేకపోయినా పనిచేసేట్టు ముందే దించిపెట్టుకున్న మ్యాపని చెప్పాను. బావ నమ్మాడు. వేళ్ళు నీలంగా మారాయి. ఐదు కిలోమీటర్ల గీత లోపలికి వచ్చాక, "ఆఁ, సిగ్నల్ వచ్చింది" అన్నాను. నా గొంతులో సంతోషం కూడా పలికించాను.

అంబులెన్సు వచ్చి ఆసుపత్రికి చేరేసరికి పొద్దు వాలింది. సైకిల్ మీంచి పడ్డానని బావే చెప్పాడు. బెణుకనుకుని ఆలస్యం చేశానన్నాడు. డాక్టరై ఉండి ఇంత అశ్రద్ధా అని తోటి డాక్టర్లు మొహం మీదే అన్నారు. తలొంచుకుని విన్నాడు. నేను కుర్చీలో కూర్చుని విన్నాను. వాళ్ళు వెళ్ళాక నాతో, "నేనూ అనకూడని మాటన్నాన్లే. అక్కకి చెప్పకు" అన్నాడు.

మూడుసార్లు కోశారు. వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉండిపోయాయి. ఇప్పుడు వేరే విభాగంలో స్కాన్లు చూసి రిపోర్టులు చెబుతాడు. కత్తి పట్టడు. అన్నం కలుపుకోలేడు. అక్క పప్పన్నం కలిపి పెడితే ఎడంచేత్తో స్పూను పట్టుకుని, "దొరలం అయిపోయాం" అంటాడు. అక్క నా కంచంలో నెయ్యి ఎక్కువ వేస్తుంది. తమ్ముడు ఆ రోజు పక్కన ఉండబట్టి సరిపోయిందని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

నా పౌరసత్వం వచ్చింది. మా ఆవిడా బాబూ వచ్చారు. రావాలని ఉందా అని మాత్రం నేనింకా అడగలేదు.

పోయినవారం బావా నేనూ ఒంటరిగా ఉన్నప్పుడు ఆ చెయ్యి రుద్దుకుంటూ, "సిగ్నల్ లేకపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావులేరా" అన్నాడు. కొట్టినందుకు క్షమించిన మనిషి, చెయ్యని తప్పుకి కూడా నన్ను వెనకేసుకొస్తున్నాడు. అది చేసిన తప్పని ఆయనకి తెలియదు. నోరు తెరిచాను. టీ పెట్టమంటారా అని అడిగాను.

ఆయనకి చెబుతానా? ఏమో. చెబితే ఆయన చెయ్యి తిరిగి రాదు, నా మీద నమ్మకం పోతుంది. ఈ లెక్కలోనూ నేనే ముందు కనబడుతున్నాను, చూశారా. మిమ్మల్ని క్షమించమని అడగను. అది మీ చేతిలో లేదు. సిగ్నల్ ఉంది, నేను లేదన్నాను. ఇన్నేళ్ళలో ఈ మాట పైకి అనలేదు, ఒంటరిగా స్నానాలగదిలో కూడా అనలేదు. ఇప్పుడు ఇంకొక మనిషికి తెలుసు. కాస్త ఊపిరి ఆడుతోంది.