పక్కసీటు బావ

బావమరిదికి తెలిసినంతలో బావకు ఒకే ఒక్క పిచ్చి. కారులో పాటల ప్లేయరు బిగించాక, అది ఎలా మోగుతోందో డ్రైవరు సీట్లో కూర్చుని వినడు. పక్కసీట్లో కూర్చునే వింటాడు. విని ఊరుకున్నా బాగుండేది. పాట మొత్తం వచ్చి ఆ పక్కసీటు ఒళ్ళో వాలేదాకా ప్లేయరును సతాయించి వదులుతాడు. కారు కొన్నవాడికి, స్టీరింగు తిప్పేవాడికి, కోరి ప్లేయరు పెట్టించుకున్నవాడికి మిగిలేది పక్కింటి రేడియో లాంటి చప్పుడు.

"అదేంటి మేస్త్రీ! బండి నాది, పాట నాది, నాకు వినపడదేం?" అని ఒక టాక్సీ డ్రైవరు గొడవకొచ్చాడు.

"నీకేం తక్కువయ్యా? చూసుకోవడానికి దారుంది. కొట్టుకోవడానికి హారనుంది. తిట్టుకోవడానికి ఎదుటి బండివాళ్ళున్నారు. పక్కన కూర్చున్నవాళ్ళకి ఏముంది పాపం?"

"నా పక్కన ఎవరూ కూర్చోరు. బేరాలన్నీ వెనకసీట్లోనే."

"ఆ ముక్క ముందే చెప్పాలిగా!" అని బావ స్క్రూడ్రైవరు నోట కరుచుకుని వెనకసీట్లోకి దూరాడు. టాక్సీవాడు తల పట్టుకున్నాడు.

శవాలను తీసుకెళ్ళే వ్యాను సంగతి వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో ఏదో శాంతమైన వాద్యం మోగాలన్నారు. బావ ప్లేయరు బిగించాడు. తర్వాత వెనక్కి వెళ్ళి బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు. చేతులు పొట్ట మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే టీలు తెచ్చినామె తలుపు సందులోంచి తొంగి చూసి, 'అయ్యో, ఎవరి బిడ్డో' అనుకుంది. బావ దిగ్గున లేచి కూర్చుని, "ఇక్కడికి ఇంకొంచెం గట్టిగా రావాలి" అన్నాడు. గ్లాసులన్నీ నేలపాలయ్యాయి. ఆనాటి నుంచీ ఆమె టీలు మెట్టు మీద పెట్టి, దూరం నుంచే కేకేసి వెళ్ళిపోతుంది.

ఇంత జరిగాక ఆయన్ని అసలు పేరుతో ఎవరు పిలుస్తారు? 'పక్కసీటు' అన్నారు, అదే నిలిచిపోయింది. ఆయన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకున్న గిరాకీ ఒక్కడే. కారు నడపడం నేర్పే మాస్టారు. ఆయన ఉద్యోగమే పక్కసీట్లో.

ఇంతకీ దుకాణం బావది, కౌంటరు బావమరిదిది. వచ్చినవాళ్ళతో మాట్లాడటం, తిట్లు తినడం, బతిమాలి మళ్ళీ రప్పించడం అతని పని. బావను పిచ్చివాడనే హక్కు మాత్రం తనొక్కడిదే అనుకుంటాడు. ఇంకెవరైనా అంటే చొక్కా చేతులు పైకి మడుస్తాడు. ఎందుకంటే పని దగ్గర బావకు సాటి లేడు. మిగతా దుకాణాలవాళ్ళు కారు తీగలు కొరికి, మెలిపెట్టి, టేపు చుట్టి పంపిస్తారు. బావ దుకాణంలో తీగలు కోసే కత్తెరే లేదు. "పుట్టుకతో వచ్చిన తీగ మీద చెయ్యి వేయకూడదురా" అంటాడు. పాత ప్లేయరుకూ కొత్త ఫోనుకూ మధ్య చిన్న అడాప్టరు పెట్టి, ఒకరి మాట ఇంకొకరికి అర్థమయ్యేలా చేస్తాడు. ఆ అడాప్టరును 'దుబాసీ' అంటాడు. బావమరిది పైకి పళ్ళు నూరినా, ఆ మాట విన్న ప్రతిసారీ లోపల ఛాతీ కాస్త ఉబ్బుతుంది.

దుకాణం వ్యాను ఇంకో వింత. ఊళ్ళో కార్లన్నిటికీ పాటలు బిగించేవాడి వ్యానులో డ్రైవరు వైపు స్పీకరే లేదు! ఉన్న ఒక్కటీ పక్కసీటు తలదిండులో, తలుపు వైపు అంచున కుట్టేసి ఉంటుంది. స్టీరింగు పక్కన ఎందుకూ పనికిరాని మీట ఒకటి. నొక్కితే ఎర్రదీపం వెలుగుతుంది, అంతకుమించి ఏమీ కాదు. వ్యాను నడిపేది బావమరిదే. ఏమీ తోచక రోజూ ఆ మీట నొక్కుకుంటాడు, దారి పొడుగునా తనలో తను గొణుక్కుంటాడు. గొణక్క ఏం చేస్తాడు? పక్కన కూర్చునేది అక్క. అక్క పిలిస్తే పలకదు. పలికినా అడిగినదానికి పలకదు. అందుకే వ్యానులో ఆమెను పలకరించడమే మానేశాడు. ఇంట్లో చిన్నప్పటి నుంచీ ఆమెకు 'మహారాణి' అని పేరు.

ఇలా సాగుతుండగా రోజులు తిరగబడ్డాయి. కొత్త కార్లన్నీ పాటలతో సహా పుట్టడం మొదలుపెట్టాయి. దుకాణంలో ఈగలకు కూడా విసుగు పుట్టింది. భవనం యజమాని వచ్చి, "నెలాఖరుకి ఏదో ఒకటి తేల్చండి. ఫోను తొడుగులు అమ్మే అబ్బాయి అడుగుతున్నాడు" అని గోడలు కొలిచినట్టు చూసి వెళ్ళాడు.

అప్పుడొచ్చింది ఎర్రకారు. రెండే సీట్లు, నేలకు అంటుకున్నంత పొట్టి, వీధి చివర ఉండగానే కిటికీ అద్దాలు వణికించేంత గొంతు. అందులోంచి నల్లకళ్ళద్దాలాయన దిగాడు. దిగాడనేకంటే గుంటలోంచి పైకి వచ్చాడనడం న్యాయం.

"ప్లేయరు మార్చకూడదు. కారుతో పాటు వచ్చింది. కానీ ఫోన్లో పాటలు రావాలి. అవుతుందా?"

"భేషుగ్గా సార్!" అన్నాడు బావమరిది.

"ఆదివారం మా సంఘం వాళ్ళని తీసుకొస్తాను. అందరివీ ఇలాంటి పాత రేసు బండ్లే. నచ్చితే అన్నీ మీ దగ్గరికే వస్తాయి."

బావమరిది కళ్ళ ముందు ఎర్రవి, పసుపువి, నీలంవి కార్లు బారులు తీరాయి. బావ మాత్రం కారు లోపలికి తొంగి చూస్తున్నాడు.

"పక్కన ఎవరు కూర్చుంటారండీ?"

"ఎవరూ కూర్చోరు. సంచి పెట్టుకుంటాను."

"ఈ సంచి ఎలాంటి పాటలు వింటుంది సార్?"

బావమరిది గట్టిగా దగ్గి బావ కాలు తొక్కాడు.

పని మాత్రం చూసి తీరాలి. బావ రెండు సన్నటి కొక్కేలు దూర్చి, గీత పడకుండా ప్లేయరును బయటికి లాగాడు. దాని వీపున, డిక్కీలో పెట్టుకునే సీడీల పెట్టె కోసం వదిలిన ఖాళీ సాకెట్టు ఉంది. బావ దుబాసీని అందులో గుచ్చాడు. డిక్కీలో సీడీల పెట్టె ఉందని ఆ ముసలి ప్లేయరు నమ్మేసింది. ఫోన్లోని పాట అందుకుంది. ఒక్క తీగ తెగలేదు. ఒక్క మర మిగల్లేదు. బావమరిది ఒళ్ళు పులకరించింది.

అంతలోనే భయం కూడా పట్టుకుంది. బావ సంచి తీసి పక్కన పెట్టి, పక్కసీట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

"బావా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఈ ఒక్క బండికీ డ్రైవరు సీట్లో కూర్చుని విను. దుకాణం ఉంటుందో ఊడుతుందో దీంతో తేలుతుంది."

బావకు జాలేసింది. మొదటిసారి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. పరాయివాళ్ళ మంచం మీద కూర్చున్నట్టు అంచునే కూర్చుని, స్టీరింగును రెండు వేళ్ళతో తాకాడు. కాసేపు విని దిగిపోయాడు.

"లాభం లేదురా. అక్కడ నాకు దారి కనపడుతోంది కానీ పాట వినపడట్లేదు."

ఆదివారం సంఘం దిగింది. వీధి వీధంతా గర్జించింది. వెనకాలే మామూలు కారులో ఎర్రకారాయన భార్య వచ్చి ఓ పక్కగా నిలబడింది. అక్క అందరికీ మంచినీళ్ళు ఇస్తోంది. ఎర్రకారాయన దర్జాగా లోపలికి దిగి పాట పెట్టాడు. వెంటనే మొహం మాడిపోయింది.

"ఏంటిది? వాయిద్యాలన్నీ అటు మోగుతున్నాయి! నా కారులో నేను పక్కింటివాణ్ణా?"

సంఘం పగలబడి నవ్వింది.

"ఈయన సంగతి నాకు ముందే చెప్పారు, పిచ్చివాడని. నేనే నమ్మలేదు. తీసెయ్యండి ఇదంతా! ఎవరూ వీళ్ళకి బండి ఇవ్వకండి."

"సార్, సార్, ప్లేయరు మీద ఒక్క బిళ్ళ తిప్పితే పాట ఇటు వచ్చేస్తుంది..." అంటూ బావమరిది ఒంగాడు. చొక్కా చేతులు మడవాల్సినవాడు ఒంగాల్సి వచ్చింది. 

"తిప్పకురా" అంది అక్క. మంచినీళ్ళ పళ్ళెం కింద పెట్టింది. "సార్, ఆయనకు పిచ్చి లేదు. నాకు ఒక చెవి వినపడదు."

"నువ్వూరుకోవే" అన్నాడు బావ కంగారుగా.

"ఊరుకునే కదా నిన్ను పిచ్చివాణ్ణి చేశాను." అక్క అందరివైపూ తిరిగింది. "డ్రైవరు వైపు ఉండే చెవి నాది పోయింది, చిన్నప్పుడే. మా ఇంట్లో కూడా తెలియదు. పెళ్ళైన కొత్తలో వ్యానులో వెళ్తూ ఈయన 'ఆకలేస్తోందా' అని అడిగితే, 'అవును, చాలా అందంగా ఉంది' అన్నాను. ఈయనకు అర్థమైపోయింది. పుట్టింటివాళ్ళు దాచి పెళ్ళి చేశారంటారని ఏడ్చాను. ఎవరికీ చెప్పనని మాటిచ్చాడు. మర్నాడు నా తలదిండులో స్పీకరు కుట్టాడు."

బావమరిదికి తను 'మహారాణీ' అని వెక్కిరించిన కేకలన్నీ ఏ చెవి వైపు నుంచి వేశాడో ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

"మరి అందరి బండ్లలోనూ ఎందుకు బావా?"

బావ నేల చూపులు చూశాడు. "మన వ్యాను ఒక్కదాంట్లోనే అలా పెడితే జనం 'ఎందుకు' అంటారు. అన్నిట్లోనూ పెడితే 'పిచ్చి' అంటారు. ఎందుకు అంటే జవాబు చెప్పాలి. పిచ్చి అంటే చెప్పక్కర్లేదు."

ఎర్రకారాయన భార్య వచ్చి, పక్కసీట్లో సంచి తీసి మొగుడి ఒళ్ళో పెట్టింది.

"నేను కూర్చుంటాను. ఇన్నేళ్ళూ ఇందులో నేనూ సామానే అనుకున్నా. నా వైపు ఏం మోగుతుందో చూస్తాను."

కారు మలుపు తిరిగింది. వస్తుంది వస్తుంది అనుకుంటే రాదు. సంఘం వాళ్ళు రెండో విడత నీళ్ళు కూడా తాగేశారు. ఎట్టకేలకు వచ్చింది. ఎర్రకారాయన కళ్ళద్దాలు నెత్తి మీద ఉన్నాయి.

"ఆవిడ దిగనంటోంది" అన్నాడు, ఫిర్యాదు లాంటి సంబరంతో. "పాట వెంట తనూ పాడుతోంది. ఈవిడకు పాట వచ్చని నాకు తెలియదయ్యా! తిప్పొద్దు. అలాగే ఉంచు."

అంతే. పసుపు కారాయన తన సంచి తీసి డిక్కీలో వేశాడు. నీలం కారాయన ఇంటికి ఫోను చేసి, "తయారవు, వస్తున్నా" అన్నాడు. టీలామె ఆనాటి తర్వాత మొదటిసారి మెట్టెక్కి లోపలికొచ్చి, గ్లాసు బావ చేతికే ఇచ్చింది.

ఫోను తొడుగుల అబ్బాయికి వేరే చోటు చూసుకోమని కబురు వెళ్ళింది. "ఇక నీకు పిచ్చి అక్కర్లేదుగా. డ్రైవరు సీట్లో కూర్చో" అన్నాడు బావమరిది. "అలవాటైపోయిందిరా" అంటూ బావ పసుపు కారు పక్కసీట్లోకి దూరాడు.

సాయంత్రం బావను కార్ల మధ్యే వదిలేసి, బావమరిది అక్కను వ్యానులో ఎక్కించుకున్నాడు. చెయ్యి అలవాటుగా మీట నొక్కింది. ఎర్రదీపం వెలిగింది.

"నొక్కావా? సరే, మొదలుపెట్టు" అంది అక్క.

"ఏం మొదలుపెట్టాలి?"

"రోజూ బావను తిట్టుకుంటావుగా. అది మైకు మీటరా. నువ్వు గొణిగిందంతా నా తలదిండులో శుభ్రంగా వినపడుతుంది."

బావమరిది గిరుక్కున ఇటు తిరిగాడు. "అన్నీ విన్నావా?"

"'మా బావ బుర్రలో బేరింగులు అరిగిపోయాయి' అన్నది చాలా బాగుంది. బావకు చెప్తే, మాట పొందిక వచ్చింది వాడికి అని మురిసిపోయాడు."

"అయ్యో అక్కా!"

"'పిచ్చోడే గానీ ఇలాంటి పనివాడు ఇంకోడు పుట్టడు' అని కూడా అన్నావు ఓసారి."

"అది కూడా చెప్పావా?"

"అది చెప్పలేదు. చెడిపోతాడు."

బావమరిది మీట ఆపబోయి ఆగాడు. గొంతు సవరించుకుని, ఆ ఎర్రదీపం దగ్గరికి కాస్త ఒంగాడు.

"మహారాణీ, సీటుబెల్టు పెట్టుకో."

"ఆఁ, పెట్టుకున్నాలే" అంది అక్క, మొదటి పిలుపుకే.