ఎడమ గొట్టం

నేను కాపురానికి వచ్చిన ఇంట్లో నన్ను భయపెట్టింది మనుషులు కాదు, మా మావగారి డబుల్ బ్యారెల్ తుపాకీ. మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. గోదావరి లంకలో ఉన్న చెరుకుతోట మీద అడవిపందులు పడుతున్నాయని ఆయన లైసెన్సు తీసుకున్నారు. తుపాకీ పెట్టిన బీరువా ముందునుంచి వెళ్లాల్సి వస్తే నేను ఎదురుగోడకి ఒరుసుకుంటూ నడిచేదాన్ని.

ఆ వేసవిలో ఆయన కుడికంటికి శుక్లం వచ్చింది. ఒకరోజు, "తుపాకీ పరీక్ష చెయ్యాలమ్మా, కాగితం మీద కన్నాలు నాకు ఆనటం లేదు. నువ్వొచ్చి చూసి చెప్పు" అన్నారు. కాదనలేకపోయాను.

కోసేసిన చేలో రెండు గుంజలు పాతించి, ఒక్కోదానికి ఒక్కో న్యూస్‌పేపరు కట్టించారు. నలభై అంగల దూరంనుంచి ఒక్కో గొట్టంతో ఒక్కోదాన్ని కాల్చారు. నేను చెవులు మూసుకుని గట్టుమీద కూలబడ్డాను. తర్వాత వెళ్లి చూస్తే, మొదటి కాగితంలో అంచులదాకా చెదురుమదురుగా కన్నాలు. రెండోదాని నడిమధ్య జల్లెడ.

"తూటాలు ఒకటే కదండీ, ఇదేంటండీ?"

"ఎడమ గొట్టం మూతి దగ్గర లోపల గోరుమందాన బిగించి ఉంటుందమ్మా. దాన్ని చోక్ అంటారు. బిగింపుంటే గుండ్లు గుంపుగా దూరం పోతాయి. లేకపోతే బయటికొస్తూనే చెదురుతాయి. పంది చెరుకులోంచి మీదకొచ్చేస్తే కుడిది వాడాలి, గురి కాస్త తప్పినా తగుల్తుంది. దూరంగా ఇసకలో ఉంటే ఎడమది." ముందు మీట కుడి గొట్టానికనీ, వెనక మీట ఎడమదానికనీ చూపించారు. నేను ముట్టుకోలేదు.

తర్వాత పదిరోజులకనుకుంటాను, పొద్దున్నే వీధిలో కేకలు వినబడ్డాయి. పిచ్చికుక్క. రెండు దూడల్ని కరిచి మా దొడ్లోకి వచ్చేసింది. గడ్డిమేటు దగ్గర మా పనిమనిషి పశువులకి గడ్డి దూస్తోంది. కుక్క ఆమెకి రెండు బారల దూరంలో నిలబడి గుర్రుమంటోంది. నోటివెంట చొంగ. గడ్డిమోపు గుండెలకి అడ్డం పెట్టుకుని ఆమె మేటుకి అతుక్కుపోయింది.

"అమ్మాయ్, తుపాకీ!" అని అరిచారు మావగారు.

బీరువా ఎలా తీశానో తెలియదు. చేతిలో ఆ ఇనుము చల్లగా, బరువుగా ఉంది. ఆయన అరుగు మీదే తూటాలు కూరి ఎత్తిపట్టారు. కుక్క పాతిక అంగల దూరంలో ఉంటుంది.

"కొట్టకండి అయ్యగారండీ, నాకు తగుల్తాదండీ!" అని ఏడుస్తోంది ఆమె.

"కదలకు!"

అప్పుడు చూశాను ఆయన వేలు. ముందు మీట మీద ఉంది. పందులకి ఎప్పుడూ ముందు అదే నొక్కేవారు, అలవాటు. అంచులదాకా కన్నాలు పడ్డ ఆ కాగితం నా కళ్లముందుకొచ్చింది. ఎవరి గొంతో అన్నట్టు అరిచాను:

"మావయ్యగారూ, వెనకదండీ! వెనకది!"

ఆయన తల తిప్పలేదు. వేలు మాత్రం వెనక్కి జరిగింది.

పొగ విడిపోయాక చూస్తే కుక్క పడి ఉంది. ఆమె కూడా పడి ఉంది. ఉత్తకాళ్లతో పరుగెత్తాను. మెడ, చేతులు, పొట్ట తడిమి చూశాను. ఎక్కడా నెత్తురు లేదు. ఆమె కళ్లు తెరిచి, "ఉన్నానాండీ అమ్మగారూ?" అంది.

"ఉన్నావే, ఉన్నావు" అని ఏడ్చేశాను.

ఆమె పైటచెంగులో ఒక్క కన్నం ఉంది. ఆమే ముందు చూసి, చెంగు బొడ్లో దోపుకుంది.

మావగారు అరుగు మీద చతికిలబడ్డారు. "పనిమనిషికేమైనా తగిలిందా అమ్మా?" అని అడిగారు.

"లేదండీ" అన్నాను.

కంటి ఆపరేషన్ అయ్యేదాకా తుపాకీని ఆయనే పోలీస్‌స్టేషన్‌లో అప్పగించి వచ్చారు. ఆ చెంగు సంగతి మేమిద్దరం ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.