కంపెనీ ఫిల్టరు, మా బావ ఫిల్టరు

మొన్న శ్రీకాకుళంలో ఒక కొట్టుకి వెళ్లి మా వాక్యూమ్ క్లీనరుకి ఫిల్టరు కావాలని అడిగితే, కొట్టాయన తలెత్తకుండానే "కంపెనీదా, లోకల్‌దా?" అన్నాడు. రోజుకి పదిమందిని అడిగే మామూలు ప్రశ్నే కాబోలు. నేను మాత్రం ఏదీ కొనలేదు. మళ్లీ వస్తానని చెప్పి బస్సెక్కి ఆమదాలవలస వచ్చేశాను గానీ, ఇంట్లోనూ కూర్చున్నచోట కూర్చోలేక వీధి గుమ్మానికీ పెరటి గుమ్మానికీ తిరుగుతూనే ఉన్నాను. నా భార్య ఏమైందని రెండుసార్లు అడిగింది. ఆమెకి చెప్పలేదు. నా వయసువాళ్లయితే అర్థం చేసుకుంటారని మీకు చెబుతున్నాను.

రెండు వేల పది దాటిన తరవాత, నేను ఉద్యోగ విరమణకి దగ్గరపడుతున్న రోజుల్లో, మా ఇల్లు రైసుమిల్లుల వెనక వీధిలో ఉండేది. వడ్లు ఆడే కాలంలో తలుపులన్నీ బిగించినా తవుడు దుమ్ము లోపలికి వచ్చి, బల్ల మీద వేలితో పేరు రాసుకునేటంత పేరుకునేది. నా భార్యకి ఆయాసం. చీపురు పట్టుకున్న రోజల్లా ఆమె ఊపిరి పిల్లికూతలా వినపడేది. ఊడవడం మానేసి దుమ్ము లాగే మిషను కొనుక్కోమని డాక్టరు చెబితే, విశాఖపట్నం వెళ్లి మా వీధిలో ఎవరికీ లేని ఆ మిషను కొనుక్కొచ్చాను. ఏడాదిపాటు ఆమె సుఖంగా ఊపిరి తీసుకుంది. ఆ ఏడాది గుర్తొస్తే ఇప్పటికీ నా గుండె తేలికపడుతుంది.

ఏడాది తిరిగాక ఫిల్టరు మార్చాల్సి వచ్చింది. మా అక్క భర్తకి, అంటే మా బావకి, స్టేషను రోడ్డులో మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే కొట్టు ఉండేది. కంపెనీ ఫిల్టరే తెప్పించమని మరీ మరీ చెప్పాను. సరేనన్నవాడు, వారం పోయాక పేరూ ఊరూ లేని ఒకదాన్ని తెచ్చి, అంచు కాస్త గీకి అమర్చేశాడు. కంపెనీవాడు మాత్రం ఏదో షెడ్డులో చేయించి పేరు అచ్చేయించుకోడా అని ఆయన వాదన. "గాలి లాగితే సాలదేటి? దాని పేరుతో నీకు పనేటి?" అన్నాడు. అంతటితో ఊరుకున్నా పోయేది. కొట్లో కూర్చున్నవాళ్ల వైపు తిరిగి, "మా బావమరిదికి సీపురు మీద కూడా కంపినీ పేరుండాల" అన్నాడు. అందరూ నవ్వారు. పాలకేంద్రం ఆయన అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు. ఆయన ఆవేళ ఏ రంగు చొక్కా వేసుకున్నాడో కూడా చెప్పగలను.

అసలు మా బావ మీద నాకు అంతకుముందే చాలా ఉన్నాయి. నా పెళ్లిరోజున నా కొత్త చెప్పులు తొడుక్కుని ఊరంతా తిరిగి, మడమలు అరిగాక తెచ్చి విడిచాడు. మా మేనకోడలికి నేను కొన్న గౌను ఎవరో పనివాళ్ల పిల్లకి ఇచ్చేశాడు. ఇలాంటివన్నీ నేను మరిచిపోయాననే ఆయన అనుకునేవాడు.

మూడు వారాలు తిరక్కుండా మిషను వెనక నుంచి మెత్తటి దుమ్ము రావడం మొదలైంది. తెల్ల రుమాలుతో తుడిచి, ఆ రుమాలు తీసుకెళ్లి ఆయన బల్ల మీద పరిచాను. ఆ వారమే నా భార్యని రెండు రోజులు ఆసుపత్రిలో పెట్టాల్సి వచ్చింది. ఆమె ఇంటికి రాగానే విశాఖపట్నం వెళ్లి, పెట్టెలో ఉన్న కంపెనీ ఫిల్టరు తెచ్చి, ఎవరి చెయ్యీ పడకుండా నేనే అమర్చాను. పది రోజులకి మిషను కాలిన వాసన వేసి ఆగిపోయింది. బావ పెట్టిన డూప్లికేటు వల్ల దుమ్మంతా మోటారులోకి పోయిందని నాకు కలిగింది అనుమానం కాదు, నిశ్చయం. మిషను మోసుకెళ్లి, నలుగురి ఎదుటా ఆయన కొట్లో పడేసి, అనాల్సినవన్నీ అనేసి వచ్చాను. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద మిగిలినవి చెప్పాను. క్రమంగా మా సంఘంవాళ్లు మిక్సీలు పట్టుకుని శ్రీకాకుళం బస్సెక్కడం నేను చూశాను. చూసి బాధపడలేదు.

మా చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే అందరూ రొట్టె పంచుకునే రోజు. సహోదరుడి మీద మనసులో ఏదైనా ఉన్నవాడు ముందు రాజీపడి, తరవాతే రొట్టె ముట్టాలి. నేను రాజీపడనూలేదు, ముట్టనూలేదు. రొట్టె పళ్లెం వస్తే పక్కాయనకి అందించేవాణ్ణి. రెండు వరసల ముందు బావ వీపు కనపడేది. అలా మూడు నెలలు. "నా ఆయాసం నాది. దాన్నట్టుకొని మీరు బల్లకి దూరమైపోడమేటి?" అని నా భార్య ఏడ్చింది. నేను కదల్లేదు.

నాలుగో నెల, మొదటి ఆదివారానికి ముందు శనివారం సాయంత్రం, బావ మిషనుని భుజాన పెట్టుకుని నడిచి వచ్చాడు. కొత్త మోటారు వేశాడు. గుమ్మంలోనే నిలబడి, "తప్పు నాదేరా. నాను డూప్లికేటు ఎయ్యకుండా ఉండాల్సింది. సెల్లికి ఊపిరాడాల, నువ్వు రేపు బల్లకి రావాల. ఇంకేటి సెప్పమంటావు?" అన్నాడు. నేను కూర్చోమనలేదు. నా భార్య ఇచ్చిన టీ నిలబడే తాగి వెళ్లిపోయాడు. మర్నాడు నేను తల ఎత్తుకుని రొట్టె తీసుకున్నాను.

ఆ తరవాత ఏడాదికే బావా అక్కా కొట్టు మూసేసి, విజయనగరంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. పోయిన వేసవిలో మా అక్క వచ్చి, పెరట్లో చింతపండు గింజలు తీస్తూ, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. "నీ కంపినీ ఫిల్టరికి పైన పలసని కవరుంటాది కదరా. అది తియ్యకుండా ఎట్టీసినావంట. గాలాడక మోటారు కాలిపోనాది. సెప్తే సిగ్గుతో నువ్వు జన్మలో బల్లకి రావని, మీ బావ ఆ కవరు నాసేత పొయ్యిలో ఎట్టించీసినాడు."

నిజమే. మా ఇంట్లో రిమోటుకీ, ఫ్రిజ్జు పిడికీ, కుర్చీలకీ వచ్చిన ప్లాస్టిక్కు చిరిగేదాకా తీసే అలవాటు లేదు. అంత దూరం నుంచి తెచ్చింది శుభ్రంగా ఉంటుందని నేనే ఉంచాను.

ముందు నాకు కోపమే వచ్చింది. నా తప్పు దాచడానికి ఆయనెవరు? దాన్ని కూడా చెప్పుల పక్కనా గౌను పక్కనా పెట్టుకోవాలని చూశాను. అక్కడ ఇమడలేదు. విజయనగరం రెండుసార్లు వెళ్లాను. బావకి ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు. ఈ మాట చెప్పాలంటే పక్క గదిలో అల్లుడికి వినపడేలా అరవాలి. రైలు ఎంత ఆలస్యమైందో చెప్పి వచ్చేశాను.

ఇప్పటి మిషన్లకి విప్పడానికి మరలు కూడా కనపడవు. ఆగిపోతే ఫోనులో ఫిర్యాదు చేస్తాను, అలవాటైన పనే. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం అని క్షణంలో జవాబు వస్తుంది. తప్పు ఎవరిదో విప్పి చూసినవాడెవడూ ఉండడు, తనది కాని తప్పుని భుజాన వేసుకుని నడిచి వచ్చేవాడు అసలే ఉండడు. పోయిన నెల పళ్లెం నా దగ్గరికి వచ్చినప్పుడు, ఇన్నేళ్ల తరవాత మళ్లీ ముట్టకుండా పక్కాయనకి అందించాను. ఎవరికీ ఏమీ తెలియదు. మా ఇద్దరి మధ్యా తగువు ఉందని బావకి కూడా తెలియదు. ఈసారి శనివారం బావ గుమ్మానికి వెళ్లాల్సింది నేనే.