రెండోసారి అడిగిన ప్రశ్న

పదవీ విరమణకు నాలుగేళ్ళ ముందు, ఒక ఆగస్టు మొదటి వారంలో, నన్ను జువ్వలదిన్నె ప్రాథమిక పాఠశాలకు పంపారు. అప్పటికి నేను నెల్లూరులో, పిల్లల మానసిక ఎదుగుదలను పరీక్షించే విభాగంలో సీనియర్ సైకాలజిస్టును. చదువులో వెనకబడ్డారని టీచర్లు రాసి పంపిన పిల్లలను మేము వెళ్ళి పరీక్షించేవాళ్ళం. ఆ బిడ్డ ఉన్న బడిలోనే కొనసాగవచ్చా, నెల్లూరులోని ప్రత్యేక వసతి బడికి మారాలా అన్నది మా నివేదికను బట్టి తేలేది.

ఆ రోజు జాబితాలో ఒకే పేరు ఉంది. నందిని, ఏడేళ్ళు, రెండో తరగతి. తల్లిదండ్రులు వేరే రేవులో పడవల మీద పనికి పోవడంతో నాయనమ్మ ఆదెమ్మ దగ్గర పెరుగుతోంది. ఆదెమ్మ ఒడ్డున వేలంలో చేపలు పాడుకొని, గంపకెత్తుకొని ఊళ్ళలో అమ్మేది. ఆమెకు వినికిడి బాగా తక్కువ. నేను కుర్చీలో కూర్చోకముందే, "దీన్ని నెల్లూరికి పంపిస్తే నాకు చెవులు ఎవురు సారూ?" అని అడిగింది. పరీక్ష పూర్తికానిదే ఏమీ చెప్పలేనని ఆమెకు గట్టిగా చెప్పవలసి వచ్చింది.

మా పరీక్షా పెట్టెలో చింతగింజలు, పుల్లలు, గాజు గ్లాసులు ఉండేవి. గింజలు ఎన్నో చెప్పమనాలి. ఒక వరుసను ఎడంగా జరిపి, ఇప్పుడు ఎందులో ఎక్కువ ఉన్నాయో అడగాలి. మొత్తం తొమ్మిది అంశాలు. ప్రతి ప్రశ్ననూ రెండుసార్లు అడగాలి. రెండు జవాబులూ సరిగ్గా ఉంటేనే మార్కు. బిడ్డ తెలిసి చెప్పిందా, ఊహించి చెప్పిందా అన్నది తేల్చుకోవడానికి మాన్యువల్‌లో పెట్టిన నియమం అది.

ఈ పద్ధతి వెనక చరిత్ర ఉంది. పిల్లల మనసును శాస్త్రంగా చూడడం మొదలుపెట్టిన తొలితరం పండితుల్లో కొందరు తమ ఇంటి పసివాళ్ళనే గమనిస్తూ దినచర్యలు రాసుకున్నారు. తరువాతివాళ్ళు బిడ్డ ముందు వస్తువులు పెట్టి, వాటి అమరిక మార్చి, ప్రశ్నలు అడిగే పద్ధతి తెచ్చారు. ఆ తరువాత వచ్చినవాళ్ళకు ఒక అనుమానం కలిగింది: ఒకే ప్రశ్నను మళ్ళీ అడగడం వల్లనే కొందరు పిల్లలు జవాబు మార్చుకుంటున్నారేమో? ఎం.ఏ. పరీక్షలో ఈ మూడు దశలనూ వరుస తప్పకుండా రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. ఉద్యోగంలో మాత్రం మాన్యువల్‌ను ఏనాడూ అనుమానించలేదు. సంగం దగ్గర ఇతరుల పొలాల్లో కూలికి పోయిన మా నాన్న, అచ్చు కాగితం చేతికిస్తే అందులో ఏముందని అడగకుండానే వేలిముద్ర వేసేవాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణయిన నేను, సంతకం చేసేవాణ్ణి. తేడా అంతే.

నందినికి తొమ్మిదింటిలో ఒక్క మార్కూ రాలేదు. నివేదిక రాయడానికి కలం తీసి, పట్టిక మరోసారి చూశాను. మొదటి గడిలో జవాబులన్నీ సరైనవే. ఎన్ని అన్నచోట రెండో గడిలో ప్రతిసారీ సరిగ్గా ఒకటి పెరిగింది: ఐదు, ఆరు; ఏడు, ఎనిమిది. మిగతా అంశాల్లో రెండోసారి జవాబు మార్చేసింది. లెక్క రాని బిడ్డ ఇంత క్రమంగా తప్పు చేయదు. ఎందుకు మార్చావని అడిగితే నందిని తల వంచుకుంది. పక్కనే కూర్చొని అంతా చూస్తున్న ఆదెమ్మే కల్పించుకొని, "పొద్దున రేవుకాడికి రా నయనా, దాని తెలివి ఆడ చూద్దువు" అంది.

మరునాడు పొద్దున్నే వెళ్ళాను. వేలం నడిపే శీనయ్య ఒక చేపల కుప్ప ముందు నిలబడి ఆదెమ్మ వైపు చూశాడు. పక్కన కూర్చున్న నందిని ఆమె తరఫున ఒక ధర చెప్పింది. శీనయ్య మళ్ళీ "ఎంతా?" అన్నాడు. నందిని ఒక మెట్టు పెంచింది. ఎదురుగా ఉన్న మరొకామె మాత్రం రెండోసారి కూడా పాత ధరే చెప్పింది. శీనయ్య ఆమెను వదిలేసి ముందుకు పోయాడు. నేను దాని గురించి అడిగాను. "మళ్ళీ అడిగినామంటే పెంచమని సారూ. అదే మాట చెప్తే పాటలోంచి తప్పుకున్నట్టే" అన్నాడు.

బడిలో జరిగింది నేను చెప్పగానే, గంపలు పట్టుకున్న ఆడవాళ్ళకు సంగతి అర్థమైంది. "ఓ ఆదెమ్మక్కా, సారు నీ మనవరాలి చేత తొమ్మిది తూర్లు పాడించి ఒక్క చేపా ఇయ్యలేదంటనే!" అని ఒకామె అనగానే అందరూ నవ్వారు. నందిని నవ్వలేదు. "మీరు మళ్ళీ అడిగినారు కదా సార్, చాలదేమో అనుకున్నా" అంది.

ఆ రోజే బడిలో గింజల సంఖ్యలు, పుల్లల కొలతలు మార్చి, ఒక్కొక్క ప్రశ్ననూ ఒకేసారి అడిగాను. తొమ్మిదింటిలో ఎనిమిది సరిగ్గా చెప్పింది. రెండు పట్టికలూ జతచేసి, ఉన్న బడిలోనే కొనసాగించాలని రాశాను. మాన్యువల్ తప్పిన పరీక్ష చెల్లదని మా డిప్యూటీ డైరెక్టర్ గారు ఫైలు వెనక్కి పంపారు. నేను పెట్టె తీసుకొని వారి గదికి వెళ్ళి, అనుమతి అడిగి, బల్ల మీద గింజలు పోశాను. ఎన్ని ఉన్నాయో చెప్పమన్నాను. ఏడు అన్నారు. మళ్ళీ అడిగాను. వారు కళ్ళద్దాలు సర్దుకొని, వేలు పెట్టి మొదటినుంచి లెక్కించారు. మొదట సరిగ్గానే చెప్పారు గదా, మళ్ళీ ఎందుకు లెక్కించారని అడిగాను. వారు గింజలు పక్కకు జరిపి, ఫైలు తెరిచి సంతకం చేశారు.

ఆ తరువాత బీరువాలోని నా పాత నివేదికలు బయటికి తీశాను. తీర గ్రామాల నుంచి ప్రత్యేక బడికి పంపిన ముగ్గురి పట్టికల్లో, రెండోసారి ఒకటి పెరిగే అదే వరుస కనిపించింది. ఇద్దరిని మళ్ళీ పరీక్షించి సొంత ఊళ్ళలోని బడులకు చేర్పించగలిగాను. మూడో బిడ్డను ఆ బడి నుంచి తీసుకుపోయిన కుటుంబం ఏ రేవుకు వెళ్ళిందో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ పట్టిక కింద ఉన్నది నా సంతకమే.

అడిగే తీరు కూడా పరీక్షలో భాగమని నేను నేర్చుకున్నది జువ్వలదిన్నె రేవులో. విరమించే వరకు, ఏ ఊరికి వెళ్ళినా పెట్టె తెరవకముందు, ఇక్కడ పెద్దవాళ్ళు ఒక ప్రశ్నను రెండోసారి ఎప్పుడు అడుగుతారని విచారించి, ఆ సమాధానాన్ని నివేదిక మొదటి వాక్యంగా రాసేవాణ్ణి.